స్పానిష్ 8 రియాళ్ల వెండి నాణెం: కొనేముందు, కొన్నాక చేయాల్సిన పనులు వరసగా

రెండు ఫోటోలు పంపి "ఇది అసలుదేనా?" అని అడిగేవాళ్లు చాలామంది. బొమ్మ వైపు ఒక ఫోటో, బొరుసు వైపు ఒక ఫోటో. ఆ రెంటితో తేలే విషయం కాదిది. నకిలీ చేసేవాడి శ్రమంతా ఆ రెండు ముఖాల మీదే పోతుంది. వాడి చేతికి లొంగనివి మూడు: బరువు, సాంద్రత, అంచు. ఈ మూడిట్లో అంచే ముఖ్యం. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

స్పెయిన్ రాజుల ఏలుబడిలో మెక్సికో, పెరూ, బొలీవియా తదితర ప్రాంతాల టంకశాలల్లో ముద్రించిన వెండి నాణేల గురించే ఇదంతా. రియాల్ అంటే ఆనాటి స్పానిష్ డబ్బు ప్రమాణం. ఉదాహరణలు ఎక్కువగా మెక్సికో నగర టంకశాలవి. మొదలుపెట్టేవాళ్లకు అదే సరైన చోటు.

1. ఏ రకం కొనాలో ముందు తేల్చుకోండి

రకాలు మూడు.

చేతి అచ్చు నాణేలు. స్పానిష్‌లో వీటిని మకుకీనా అంటారు. వెండి కడ్డీలోంచి ముక్క కోసి, బరువు సరిపోయేదాకా కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టినవి. గుండ్రంగా ఉండవు. సగం ముద్రే పడుతుంది.

స్తంభాల నాణేలు. మెక్సికోలో 1732 నుంచి 1772 దాకా యంత్రంతో ముద్రించినవి. అలల మీద రెండు స్తంభాలు, మధ్యలో రెండు భూగోళాలు, వాటి మీద కిరీటం.

రాజు బొమ్మ నాణేలు. 1772లో మొదలై, టంకశాలను బట్టి 1825 దాకా నడిచాయి. ఒకవైపు రాజు తల, రెండోవైపు రెండు స్తంభాల మధ్య కోటలు, సింహాలున్న డాలు.

మొదటి మూడు నాలుగు నాణేలూ మూడో రకంలోవే, మెక్సికోవే, మామూలు సంవత్సరాలవే కొనండి. పోల్చి చూసుకోవడానికి అసలు నాణేల ఫోటోలు లెక్కలేనన్ని దొరుకుతాయి. పొరపాటు జరిగినా నష్టం తక్కువ. మకుకీనాతో మొదలుపెట్టడం మాత్రం వద్దు. ముద్ర సగమే ఉన్న నాణెంలో ఏది లోపమో, ఏది సహజమో కొత్త కంటికి తెలియదు. నకిలీలు అమ్మేవాళ్లకు కావలసిందీ అదే.

2. నాణెం కంటే ముందు పరికరాలు కొనండి

- 0.01 గ్రాము దాకా చూపించే, కనీసం 200 గ్రాములు మోసే డిజిటల్ త్రాసు
- త్రాసును సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూకపు రాయి
- డిజిటల్ వెర్నియర్ కాలిపర్. దాని దవడలకు పలచటి టేపు అంటించుకోవాలి, లేకపోతే అంచు గీసుకుంటుంది
- 10 రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం
- చిన్న నియోడిమియం అయస్కాంతం
- గాజు గ్లాసు, సన్నటి నైలాన్ దారం, డిస్టిల్డ్ వాటర్
- మెత్తటి మఖమల్ గుడ్డ. నాణెం చేజారినా దాని మీదే పడాలి

పట్టుకునేటప్పుడు ఎప్పుడూ అంచుల దగ్గరే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. ముఖం మీద పడిన వేలిముద్ర కొన్ని నెలలకు గోధుమరంగు మరకై అక్కడే ఉండిపోతుంది.

3. నాణెం మీద ఉన్నది అక్షరం అక్షరం చదవండి

రాజు బొమ్మ నాణెంలో బొమ్మ వైపు రాజు పేరు, 'దేయీ గ్రాషియా' (లాటిన్‌లో 'దేవుడి దయతో') అనే మాట, కింద సంవత్సరం ఉంటాయి. బొరుసు వైపు 'హిస్పాన్ ఎట్ ఇండ్ రెక్స్' ('స్పెయిన్, ఇండీస్‌ల రాజు') అని ఉండి, తర్వాత టంకశాల గుర్తు, 8 ఆర్, ఆ పక్కన వెండి పరీక్షకుల పొడి అక్షరాలు వస్తాయి.

టంకశాల గుర్తుల్లో ముందుగా తెలియాల్సినవి:

- 'ఎమ్' మీద చిన్న సున్నా: మెక్సికో
- 'పి' అక్షరం, లేదా పి, టి, ఎస్ కలిపి అల్లినట్టుండే గుర్తు: పొటోసి
- ఎల్, ఐ, ఎమ్ వగైరా అక్షరాలు పెనవేసిన గుర్తు: లీమా
- 'ఎస్' మీద చిన్న సున్నా: శాంటియాగో
- 'ఎన్‌జి': గ్వాటెమాలా
- 'ఎన్ఆర్': బొగోటా

సంవత్సరం, రాజు పేరు, పరీక్షకుల అక్షరాలు ఒకదానికొకటి కలవాలి. దొంగ నాణేలు చాలా ఇక్కడే దొరికిపోతాయి. మెక్సికో నాణెంలో ఏం చూడాలంటే:

రాజు తల ఉండి సంవత్సరం 1772 కంటే ముందుదైతే అది నకిలీ. ఇంకేం చూడక్కర్లేదు.

మూడో చార్లెస్ 1788 డిసెంబరులో చనిపోయాడు. 1789, 1790లలో కొత్త రాజు పేరు వేసినా బొమ్మ మాత్రం పాత రాజుదే. దాన్ని తప్పనుకోకండి. నాలుగో చార్లెస్ సొంత బొమ్మ 1791 నుంచి వచ్చింది. ఆ నాణేల్లో పేరు పక్కన నాలుగు అనే అంకె నాలుగు నిలువు గీతలుగా ఉంటుంది.

1795 నాణెం మీద ఎఫ్, ఎమ్ ఉండాలి. టి, హెచ్ ఉంటే అనుమానించాలి, ఎందుకంటే ఆ జత 1803 దగ్గర మొదలవుతుంది.

1772, 1773 మెక్సికో నాణేల్లో టంకశాల గుర్తు, పరీక్షకుల అక్షరాలు మిగతా రాతకు తలకిందులుగా ఉంటాయి. ఇదీ సహజమే. వెండి పాళ్లు గుట్టుగా తగ్గించింది 1772లో, తలకిందులైన ఆ అక్షరాలే దాని ఆనవాలు.

చివరగా నాణేన్ని తిప్పి చూడండి. రాజు తల నిటారుగా పెట్టి, పైనుంచి కిందికి తిప్పితే రెండో ముఖం నిటారుగా రావాలి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పినప్పుడు నిటారుగా వస్తే అనుమానించండి.

4. బరువు, వ్యాసం

- 1728కి ముందు: 27.47 గ్రాములు, వెండి 93 శాతం
- 1728 సంస్కరణ తర్వాత: 27.07 గ్రాములు, వెండి 91.7 శాతం
- 1772 నుంచి: బరువు అదే, వెండి 90.3 శాతం
- 1786 నుంచి: బరువు అదే, వెండి 89.6 శాతం

తులం 11.66 గ్రాములు కదా, ఆ లెక్కన 8 రియాళ్ల నాణెం రెండు తులాల పైచిలుకు. వ్యాసం 38 నుంచి 40 మిల్లీమీటర్లు. 4 రియాళ్లది 13.5 గ్రాములు, 2 రియాళ్లది 6.77, ఒక రియాల్ 3.38, అర రియాల్ 1.69.

చేతులు మారి అరిగిన రాజు బొమ్మ నాణెం మామూలుగా 26.6 నుంచి 27.1 మధ్య తూగుతుంది. అక్షరాలన్నీ పదునుగా ఉండి 26 గ్రాములే తూగితే ఎక్కడో తేడా ఉంది. అరుగుదల, బరువు రెండూ ఒకే మాట చెప్పాలి. బాగా అరిగినది 26.3 తూగితే తప్పులేదు, కొత్తగా మెరుస్తున్నది అంతే తూగితే ఒప్పుకోకూడదు.

5. అంచు

ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం.

స్తంభాల నాణెం అంచు మీద ఆకుల వరస ఉంటుంది. రాజు బొమ్మ నాణెం అంచు మీద ఒక సున్నా, ఒక దీర్ఘచతురస్రం, మళ్లీ సున్నా, ఇలా నడుస్తుంది. ఆ నగిషీ ఎలా పడేదో తెలిస్తే నకిలీని పట్టుకోవడం సులువు.

ముద్ర కొట్టడానికి ముందు వెండి బిళ్లను రెండు ఉక్కు పట్టీల మధ్య పెట్టి దొర్లించేవారు. ఒక్కో పట్టీ మీద సగం అంచుకు సరిపడా నగిషీ. బిళ్ల సగం చుట్టు తిరిగేసరికి మొత్తం అంచు నిండుతుంది. ఒక పట్టీ పని అయిపోయి రెండోదాని పని మొదలయ్యే చోట నగిషీ కచ్చితంగా కలవదు. రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, లేదా దీర్ఘచతురస్రం సగంలో తెగుతుంది. అలాంటి అతుకులు రెండుంటాయి, అవీ ఎదురెదురుగా, గడియారంలో 12, 6 అంకెల్లాగా.

చూసే పద్ధతి:

1. నాణేన్ని మఖమల్ గుడ్డ మీద నిలబెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకోండి.
2. భూతద్దంతో ఒక చోట మొదలుపెట్టి మెల్లగా తిప్పండి. సున్నా, దీర్ఘచతురస్రం అనుకుంటూ వెళ్లండి.
3. వరస తప్పిన చోట ఆగండి. అది గడియారంలో ఏ అంకె దగ్గరుందో కాగితం మీద రాసుకోండి.
4. దానికి సరిగ్గా ఎదుటి చోటు చూడండి. రెండో అతుకు అక్కడుండాలి.

అతుకే లేకుండా చుట్టూ ఒకే తీరుగా నడిచే అంచు నేటి యంత్రం పని. ఒక్కటే అతుకుంటే అనుమానం. అంచు మధ్యలో చుట్టూతా సన్నటి గీత కనిపిస్తే రెండు అర అచ్చుల్లో పోసి చేసింది. ఆ గీతను ఆకురాయితో రుద్దేస్తే అడ్డంగా సన్నటి గాట్లు మిగులుతాయి. రెండు సన్న రేకులను లోపలి రాగి బిళ్లకు అతికించినదైతే అంచు పక్కనే సన్నటి నల్ల గీత కనిపిస్తుంది.

అమ్మేవాళ్లను అంచు ఫోటోలు నాలుగు అడగండి, నాలుగు దిక్కుల నుంచీ తీసినవి. ఇవ్వనంటే ఆ నాణెం వదిలేయండి. ధర ఎంత తక్కువైనా సరే.

మకుకీనాకు ఈ పరీక్ష వర్తించదు, దాని అంచు మీద నగిషీ ఉండదు. అక్కడ చూడాల్సింది కత్తిరించిన గాట్లు, సుత్తి దెబ్బకు వెండి పక్కలకు చీలిన పగుళ్లు. పోతపోసిన నకిలీలో ఆ పగుళ్ల అంచులు మెత్తగా, కరిగినట్టు ఉంటాయి.

6. నీటి పరీక్ష

1. నాణేన్ని పొడిగా తూచండి. 26.90 గ్రాములు వచ్చిందనుకోండి.
2. త్రాసు మీద సగం నీళ్లున్న గాజు గ్లాసు పెట్టండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం కలపండి, బుడగలు అంటుకోకుండా ఉంటాయి. ఆ తర్వాతే సున్నా నొక్కండి.
3. నాణేన్ని దారంతో కట్టి పూర్తిగా ముంచండి. అడుగుకూ గోడకూ తగలకూడదు.
4. త్రాసు చూపించే అంకె రాసుకోండి. 2.60 అనుకోండి.
5. మొదటి అంకెను రెండోదానితో భాగించండి. 26.90 ÷ 2.60 = 10.35.
6. మన వేసవి గది వేడిలో, అంటే 28, 30 డిగ్రీల దగ్గర, నీటి సాంద్రత కాస్త తగ్గుతుంది. వచ్చినదాన్ని 0.996తో గుణించండి. 10.31 వస్తుంది.

అసలు నాణేలకు 10.3, 10.4 మధ్య రావాలి. ఇత్తడి 8.5 దగ్గర, జర్మన్ సిల్వర్ 8.7 దగ్గర ఆగిపోతాయి. వెండి పూసిన రాగి 9కి అటూ ఇటూ. సీసం కలిస్తే అంకె పైకి పోతుంది.

తప్పు లెక్క వచ్చేది ఎక్కువగా మూడో అడుగులో. నాణెం అడుగుకు తగిలితే దాని బరువంతా త్రాసు మీద పడుతుంది. ఒక్క బుడగ అంటుకున్నా అంకె మారుతుంది. నీటి అంకెలో 0.02 తేడా వస్తే ఫలితం 0.08 మారుతుంది, కాబట్టి మూడుసార్లు చేసి సగటు తీయండి. తర్వాత నాణేన్ని మంచినీటితో కడిగి, గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు.

సముద్రంలో మునిగిన ఓడల నుంచి తీసిన నాణేలకు ఈ లెక్క కుదరదు. ఉప్పునీరు తినేసిన వెండిలో సన్నటి రంధ్రాలుంటాయి, అంకె తక్కువ వస్తుంది.

7. మిగతా పరీక్షలు, వాటి హద్దులు

అయస్కాంతం. నాణేన్ని 45 డిగ్రీల వాలులో పట్టుకుని అయస్కాంతాన్ని జార్చండి. వెండి మీద నెమ్మదిగా జారుతుంది, జర్మన్ సిల్వర్ మీద జర్రున పోతుంది. రాగి మీదా నెమ్మదిగానే జారుతుంది కాబట్టి, ఇది నెగ్గితే అసలుదని అర్థం కాదు.

మోత. వేలికొన మీద నిలిపి పెన్సిల్‌తో తట్టండి. సన్నటి మోత చాలాసేపు నిలవాలి. గచ్చు మీద పడేసి వినే పద్ధతి మానేయండి, అంచు సొట్ట పోతుంది. పగులున్న అసలు మకుకీనా కూడా మోగదు.

ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం. ఎక్స్‌రేలతో ఏ లోహం ఎంతుందో చెప్పేది. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉంటుంది. ఇది పైపొరనే చదువుతుంది. పాత నాణెం పైపొరలో రాగి కరిగిపోయి వెండి శాతం కాస్త ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి. బంగారం, సీసం జాడ ఏమాత్రమైనా ఉందా అని అడగండి. ఆనాటి శుద్ధి పద్ధతుల్లో ఆ జాడలు పూర్తిగా పోయేవి కావు. రెండూ సున్నా అయితే నేటి శుద్ధ వెండితో చేసిందేమో అని అనుమానించాలి.

గీటురాయి. వద్దు. కంసాలి దగ్గరకు తీసుకెళ్తే అలవాటుగా ఆయన చేసే మొదటి పని అంచును రాయి మీద గీయడం. ఆ ఒక్క గీతతో అంచు సాక్ష్యమూ పోతుంది, ధరా పోతుంది. గీయొద్దని లోపలికి అడుగు పెట్టగానే చెప్పండి.

భూతద్దం. అక్షరాల మధ్య ఖాళీల్లో గుండ్రటి బుడిపెలు, గుంటలు ఉంటే పోత నాణెం. ఒక మినహాయింపుంది. 1811, 1813 మధ్య ఉత్తర మెక్సికోలోని చిహువావాలో తిరుగుబాటు కాలంలో నాణేలను పోతపోసి, మీద అదనపు ముద్రలు కొట్టి చలామణీలోకి వదిలారు. అవి పోతవే, అసలువే. కానీ కొత్తవాళ్లు కొనాల్సినవి కావు.

8. అసలుదే, కానీ దెబ్బతిన్నదా?

*కొక్కెం ఆనవాలు.* ఈ నాణేలు చాలావాటిని ఆభరణాలుగా వాడారు. 12 గంటల స్థానంలో అంచు నగిషీ చెరిగి, టంకం మరక కనిపిస్తే కొక్కెం తీసేసిందే. ధర సగానికో, అంతకంటే కిందికో రావాలి.

*పూడ్చిన రంధ్రం.* లైటుకు వాలుగా పట్టుకుని చూస్తే పూడ్చిన చోటు చాయ వేరుగా ఉంటుంది.

*చైనా వర్తకుల ముద్రలు.* వెండి మంచిదని తేల్చుకుని వాళ్లు కొట్టిన చిన్న అక్షరాలివి. కొందరు వీటినే కోరి సేకరిస్తారు. కానీ నకిలీల మీదా ఇవి కొడుతున్నారు, కాబట్టి ఆ ముద్ర ఉన్నంత మాత్రాన నాణెం అసలుది కాదు. మిగతా పరీక్షలన్నీ చేయాల్సిందే.

*ఓడ నాణేలు.* 1622లో మునిగిన అటోచా, 1784లో మునిగిన ఎల్ కాసాదోర్ వంటి ఓడల నాణేలకు పత్రాలతో కలిపే విలువ. పత్రం మీద రాసిన బరువు, ఫోటో చేతిలో ఉన్న నాణెంతో సరిపోవాలి. పత్రం అసలుదై, నాణెం మారిపోయిన సందర్భాలు ఉంటాయి.

9. అరుదైనవాటి వైపు ఎప్పుడు, ఎలా

పది, పన్నెండు మామూలు నాణేలను ఇలా పరీక్షించాక అరుదైనవాటి జోలికి వెళ్లండి. వెతకాల్సినవి:

- మెక్సికో యంత్ర ముద్రణ తొలి ఏడాది, 1732 స్తంభాల నాణెం
- 1733లో 'ఎమ్' పక్కన 'ఎక్స్' గుర్తుతో వచ్చినవి
- శాంటియాగో, బొగోటా స్తంభాల నాణేలు
- పొటోసిలో ప్రత్యేకంగా గుండ్రంగా, పూర్తి ముద్రతో కొట్టిన మకుకీనాలు

పొటోసి మకుకీనాలు కొనేటప్పుడు స్తంభాల వైపున్న గళ్లు చదవడం నేర్చుకోండి. 1652 నుంచి వచ్చినవాటిలో ఒకవైపు స్తంభాలు, రెండోవైపు సిలువ ఉంటాయి. స్తంభాల వైపు మూడు వరసలు. పై వరసలో పి, 8, పరీక్షకుడి అక్షరం. నడుమ 'ప్లస్ అల్ట్రా' (లాటిన్‌లో 'ఇంకా ముందుకు') మాట మూడు ముక్కలుగా. కింద మళ్లీ పరీక్షకుడి అక్షరం, సంవత్సరం చివరి రెండంకెలు, పి. సిలువ వైపు కూడా సంవత్సరం ఉంటుంది. రెండూ కలవకపోతే కొనకండి.

మనకు దగ్గరి వస్తువు ఇంకొకటుంది. 19వ శతాబ్దం మొదట్లో చెన్నపట్నం టంకశాల గోపురం ముద్రతో వెండి అర వరాహాలు చేసింది. వాటి మీద తెలుగు అక్షరాలున్నాయి. వాటిలో కొన్ని స్పానిష్ డాలర్ల మీదే, అంటే ఈ 8 రియాళ్ల నాణేల మీదే కొట్టినవి. భూతద్దంతో గోపురం చుట్టూ వెతికితే కింది స్పానిష్ ముద్ర మిగుళ్లు కనిపిస్తాయి. తెలుగు సేకర్తలు వీటిని ఎందుకు వెతకరో అర్థం కాదు.

10. కొనుగోలు, చట్టం

వేలంలో పాట ధరే చివరి ధర కాదు. కొనుగోలుదారు రుసుము 20 శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. దాని మీద రవాణా, బీమా, కస్టమ్స్ సుంకం. 10,000 రూపాయలకు పాట ఆగిందంటే రుసుముతోనే 12,000. ఈ లెక్క కట్టుకున్నాకే మీ హద్దు నిర్ణయించుకోండి.

నాణేలను పరీక్షించి స్థాయి తేల్చే (గ్రేడింగ్ చేసే) ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న నాణెమైనా, పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసి ఫోటో పోల్చండి. పెట్టెలకూ నకిలీలున్నాయి.

భారతదేశంలో ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి: 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు. అంటే ఇక్కడ కొన్న నాణేన్ని అమెరికాలో గ్రేడింగ్‌కు మామూలు పోస్టులో పంపడం కుదరదు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, కాబట్టి అమ్మేవాళ్ల బిల్లు తప్పక తీసుకోండి. పొలంలో దొరికిందంటూ ఎవరైనా తెస్తే ముట్టుకోకండి. 1878 నిధి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటితే చాలు, దొరికినవాళ్లు కలెక్టరుకు తెలపాలి.

11. తోమొద్దు, సరిగ్గా దాచండి

పూజ సామాను తోమినట్టు విభూది, చింతపండు, టూత్‌పేస్టు పెట్టి తోమితే నాణెం మెరుస్తుంది, విలువ పోతుంది. రెండు వందల ఏళ్లకు వచ్చిన నలుపు చాయ మళ్లీ రాదు. సన్నటి గీతలు మాత్రం ఉండిపోతాయి.

పచ్చటి జిగురు అంటుకుని ఉంటే ఒక్కటే దారి: శుద్ధ అసిటోన్‌లో, గాజు పాత్రలో, 5 నిమిషాలు. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా. గోళ్లరంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు. తీశాక గాలికే ఆరనివ్వండి.

దాచేచోట ఇవి ఉండకూడదు:

- మెత్తటి పీవీసీ కవర్లు: ఆ పచ్చ జిగురు వీటి నుంచే వస్తుంది
- రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు: వీటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది
- బీరువాలో కలరా ఉండలు

మైలార్ (పాలియెస్టర్) కవరు, లేదా నాణెం వ్యాసానికి సరిపోయే గట్టి క్యాప్సూల్ వాడండి. విశాఖ, మచిలీపట్నం, చెన్నై లాంటి తీరపు ఊళ్లలో పెట్టెలో సిలికా జెల్ వేసి, రంగు మారగానే మార్చండి.

12. ఒక్కో నాణేనికి ఒక్కో చీటీ

- టంకశాల, సంవత్సరం, పరీక్షకుల అక్షరాలు
- బరువు 0.01 గ్రాము దాకా, వ్యాసం, సాంద్రత
- అంచు అతుకులు రెండూ గడియారంలో ఏ అంకెల దగ్గర ఉన్నాయి
- ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు, బిల్లు నంబరు
- ఫోటోలు ఆరు: ముఖాలు రెండు, అంచు నాలుగు

అతుకుల చోటు రాసుకోవడం మానకండి. అది ఆ నాణేనికి వేలిముద్ర లాంటిది. నాణెం ఎవరికైనా చూపించడానికి ఇచ్చినా, పోయి దొరికినా, తిరిగొచ్చింది మీదేనా అని దాంతోనే తేలుతుంది.